విశాఖ సముద్రతీరమున ఒక దినము



వేసవి సెలవులు దగ్గరపడినప్పుడెల్లా మాకు ఒకే రకమైన ఉత్తరములు వస్తూ ఉంటాయి. "అయ్యగారూ, మా సండే స్కూలు పిల్లలను, యౌవనస్థులను విశాఖపట్టణము తీసుకొని వెళ్లాలని అనుకొంటున్నాము. ఒక్క రోజులో ఏమేమి చూడవచ్చును? సముద్రస్నానమునకు ఎక్కడ దించితే మంచిది?" అని. మొదటి ప్రశ్నకు జవాబు సులభము. రెండవ దానికి జవాబు వ్రాయుటకు మేము చాలా ఆలస్యము చేశాము. ఆ విషయములో పెద్ద పొరపాటు చేసినవారము మేమే గనుక కలము సాగలేదు. ఈ నెల ఆ సంగతి దాచకుండా వ్రాస్తున్నాము.

2023 మే నెలలో వి.బి.ఎస్. ముగిసిన వారమే మా సంఘము నుండి ఒక బస్సు మాట్లాడుకొని బయలుదేరాము. పిల్లలు, టీచర్లు, యౌవనస్థులు, స్త్రీల సమాజము వారు, వెంట తప్పక వస్తామన్న ఇద్దరు ముసలమ్మలు, అందరము కలిసి నలభై ఎనిమిది మందిమి. మాది గోదావరి జిల్లాల మెట్ట ప్రాంతము. సముద్రము మాకు మరీ దూరము కాదు గాని, మా ఊరిలో సగము మంది దానిని చూడలేదు. వాన కోసము ఆకాశము వంక చూచే ఊరు మాది. దిగువ కాలువలలో ఈత నేర్చిన కుర్రవాళ్లు మాత్రము కొందరున్నారు.

అమ్మగారు, మరి నలుగురు స్త్రీలు కలిసి పులిహోర కలిపారు, గ్రుడ్లు ఉడకబెట్టారు. రాత్రి 11 గంటలకు ప్రార్థన చేసికొని బస్సు ఎక్కాము. తునిలో ఒకసారి, అనకాపల్లి దాటాక ఒకసారి టీకి ఆగి, తెల్లవారుజామున ఐదు గంటలకు విశాఖ చేరాము. ఆ వేళలో బీచ్ రోడ్డున నడకకు వచ్చేవారి కొరకు వాహనములను ఆపుతారు గనుక బస్సు వెనుక వీధిలోనే ఉండిపోయింది. చెప్పులు చేతబట్టుకొని ఇసుకలోనికి నడిచాము. తూరుపున అప్పుడే ఎరుపు వస్తున్నది.

రామకృష్ణా బీచ్, వాడుకలో ఆర్.కె. బీచ్. దగ్గరలోనే రామకృష్ణ మిషన్ ఆశ్రమము ఉన్నది, పేరు దానివలన వచ్చింది. కుడి ప్రక్కన, దక్షిణముగా, డాల్ఫిన్స్ నోస్ అనే కొండ సముద్రములోనికి ముక్కు చాపినట్టు ఉంటుంది, దానిపైన దీపస్తంభము. ఎడమ ప్రక్కన దూరముగా కైలాసగిరి. ఈ రెండు కొండల నడుమ పట్టణము సముద్రము వైపు మొగము పెట్టుకొని కూర్చున్నట్టుంటుంది. ఇసుకకు, రోడ్డుకు మధ్య ఒక గోడ మాత్రమే. ఇండ్లు, హోటళ్లు, కచేరీలు అన్నీ అలల చప్పుడు వినేంత దగ్గర.

మా ముసలమ్మలలో ఒకామెకు డెబ్బది దాటినవి. మొదటిసారి సముద్రమును చూచి చాలాసేపు ఏమీ మాటలాడలేదు. ఆ తరువాత, "ఇంత నీరుండి ఒక్క ఎకరానికైనా పనికిరాదా అండి!" అన్నది. మేమందరము నవ్వాము గాని, మెట్ట రైతు ఇంటి ఇల్లాలి నోట అంతకంటె న్యాయమైన మాట ఏమి వస్తుంది?

ఇక మా పొరపాటు సంగతి.

పిల్లలను నీటిలోనికి దించక ముందు మంచి స్థలము చూడవలెనని మేమే ముందు నడిచాము. కెరటములు బలముగా ఉన్నాయి. ఒడ్డుకు కొంత దూరముననే లేచి, తెల్లగా నురుగు కక్కుతూ విరుగుతున్నాయి. పిల్లలు జడిసిపోతారని మాకనిపించింది. ఇంకొంచెము ముందుకు పోతే, రెండు ప్రక్కల కెరటములు విరుగుతూ ఉండగా, నడుమ పది పదిహేను గజముల మేర నీరు నిమ్మళముగా కనబడింది. అక్కడ నురుగు లేదు. నీటి రంగు కొంచెము నలుపు తిరిగి ఉన్నది. కెరటము వచ్చినా విరగకుండా ఉబ్బి సాగిపోతున్నది. "ఇదిగో, ఇక్కడైతే నెమ్మదిగా ఉన్నది. అందరూ ఇక్కడ దిగండి. ఒకరి చేయి ఒకరు పట్టుకొని వరుసగా నిలబడండి" అని చెప్పాము. ఆ మాట మా నోటినుండే వచ్చింది.

చిన్నపిల్లలు మోకాళ్ల లోతున నిలిచారు. స్త్రీలు చీరె కుచ్చిళ్లు ఎగదోపుకొని అంచున ఆడుకొంటున్నారు. యౌవనస్థులలో ఒకడు, డిగ్రీ రెండవ సంవత్సరము చదువుతున్నాడు, కాలువలో ఇటు గట్టునుండి అటు గట్టుకు ఊపిరి తీయకుండా వెళ్లేవాడు, నడుము లోతు దాటి రొమ్ము లోతుకు పోయాడు. పిలిచాము. చెయ్యి ఊపి నవ్వాడు. ఇంతలో ఒక పిల్లవానికి చెప్పు కొట్టుకొని పోతే దాని గొడవలో పడ్డాము. రెండు నిమిషములు కూడా కాలేదు. తల ఎత్తి చూచేసరికి అతడు మేమనుకొన్న చోట లేడు, చాలా లోపల ఉన్నాడు. మా వైపే ఈదుతున్నాడు. చేతులు గట్టిగా వేస్తున్నాడు. వేస్తున్నకొలది దూరమైపోతున్నాడు.

అతని మేనమామ మాతో వచ్చాడు. బనీను విప్పి పరుగెత్తాడు. అప్పుడే ఇసుకలో నుండి విజిల్ మ్రోగింది. ఎర్రని బనీను వేసికొన్న లైఫ్‌గార్డు ఒకడు పరుగున వచ్చి, ముందు ఆ మేనమామను రొమ్ము మీద చేయి వేసి వెనుకకు నెట్టాడు. "నువ్వు దిగకు! నీకోసరం ఇంకోడు దిగాలి!" అని కేక వేశాడు. అతడు నేరుగా కుర్రవాని వైపు పోలేదు. ఆ నిమ్మళమైన నీటిలోనే, దాని అంచు వెంబడి దిగాడు. చంకలో తేలే రబ్బరు పట్టె. నీరే అతనిని లోపలికి మోసికొనిపోయింది. కుర్రవాని పట్టుకొన్న తరువాత కూడా ఒడ్డుకు తిరుగలేదు. ప్రక్కకు, మేము భయపడి వదలిపెట్టిన ఆ తెల్లని కెరటముల వైపు లాగికొనిపోయాడు. అక్కడ ఒక కెరటము ఇద్దరినీ ఎత్తి ముందుకు విసిరింది, మరియొకటి విసిరింది, కాళ్లు ఇసుకను తాకాయి.

అంతా కలిపి పది నిమిషములు ఉండవచ్చును. మాకు మాత్రము అది పది నిమిషములు కాదు.

కుర్రవాడు ఉప్పునీరు కక్కాడు, కూర్చున్నాడు, బాగానే ఉన్నానన్నాడు. లైఫ్‌గార్డు ఒప్పుకోలేదు. ఊపిరితిత్తులలోనికి నీరు పోయినవానికి అప్పుడు బాగానే ఉన్నా కొన్ని గంటల తరువాత ఊపిరి ఆడక ఇబ్బంది రావచ్చును గనుక వైద్యుడు చూడవలసిందే అన్నాడు. ఆస్పత్రిలో మధ్యాహ్నము వరకు ఉంచి, పరీక్షలు చేసి, పంపించారు. మేము అతని మంచము ప్రక్కన కూర్చున్నాము. అతడు ఒక్కమాట చెప్పాడు: "కాలువలో అలసిపోతే గట్టు దొరుకుతుందండి. ఇక్కడ గట్టే వెనక్కి పోతన్నట్టుందండి."

మధ్యాహ్నము తిరిగి వచ్చి ఆ లైఫ్‌గార్డును వెదకి కలిశాము. జాలరి కుటుంబమువాడు. చేతిలో కొంత డబ్బు పెట్టబోతే తీసికోలేదు, టీ మాత్రము త్రాగాడు. "ఏటండి బాబుగారూ, నీరు నిమ్మలంగా ఉన్న కాడ దించేసినారేటి పిల్లల్ని? కెరటం ఇరిగే కాడ బయమేసుద్ది గాని అది ఒడ్డుకి తోసుద్ది. ఇరగని కాడే లోపలికి ఎలిపోద్ది నీరు" అన్నాడు. మేము తల వంచుకొని విన్నాము. ఇన్ని సంవత్సరములు పిల్లలకు పాఠములు చెప్పిన మాకు ఆనాడు చెప్పిన పాఠము అది.

తరువాత ఈ సంగతి చదివి, తెలిసినవారిని అడిగి అర్థము చేసికొన్నాము. దీనిని రిప్ కరెంటు అంటారు. రైతు కుటుంబములకు వివరించుట కష్టము కాదు. ఒడ్డుకు కొంత దూరములో నీటి అడుగున ఇసుక గట్టువలె పేరుకొని ఉంటుంది. కెరటములు ఆ గట్టుమీద విరిగి, దాని మీదుగా నీటిని ఒడ్డు వైపు త్రోస్తూనే ఉంటాయి. వచ్చిన నీరు గట్టుకు ఒడ్డుకు మధ్య నిండుతుంది. నిండిన నీరు ఏమి చేస్తుంది? మీ చేనులో ఏమి చేస్తుందో అదే చేస్తుంది. గట్టులో ఎక్కడ పల్లముంటే అక్కడ గండి కొట్టుకొని పోతుంది. ఆ గండి దగ్గర లోతు ఎక్కువ గనుక కెరటము విరగదు, నురుగు ఉండదు, నీరు ముదురు రంగుగా కనబడుతుంది. చూచేవానికి అదే మంచి స్నానఘట్టమనిపిస్తుంది. మేము మా పిల్లలను తీసికొనిపోయి గండిలో నిలబెట్టాము!

అది మనిషిని అడుగునకు లాగదు. ఒడ్డునుండి దూరముగా లాగుతుంది. దాని వేగము బలముగా ఉన్నప్పుడు సెకనుకు 2 మీటర్ల వరకు ఉంటుంది. ఆ వేగమునకు నిమిషము, రెండు నిమిషములకు మించి ఎదురీది నిలువగల ఈతగాడు ఎక్కడా ఉండడు. చనిపోయేవారిలో అనేకులు ఈత రాక కాదు, ఎదురీది అలసిపోయి చనిపోతారు. చిక్కుకొన్నవాడు మొదట చేయవలసినది ఎదురీత మానుట. వెల్లకిల తేలుతూ, చెయ్యి పైకెత్తి ఊపి, కేక వేయవలెను. శక్తి ఉంటే ఒడ్డుకు సమానముగా, ప్రక్కకు, కెరటములు విరిగే వైపు ఈదవలెను. గండి వెడల్పు ఎంతో ఉండదు. అది దాటితే కెరటములే ఒడ్డుకు చేర్చుతాయి.

ఒడ్డున ఉన్నవారి సంగతి ఇంకా కష్టము. తమ్ముని కొరకు అన్న, అన్న కొరకు తండ్రి దిగి, ఒకరు పోవలసిన చోట ముగ్గురు పోయిన వార్తలు మనము పత్రికలలో చదువుతూనే ఉన్నాము. తేలే వస్తువు ఏదైనా, ఖాళీ డబ్బా అయినా, మూత బిగించిన పెద్ద ప్లాస్టిక్ సీసా అయినా, విసరండి. దిగవద్దు. మేము చెప్పినట్లు చేతులు పట్టుకొని వరుసగా నిలబడుట కూడా రక్షణ కాదు. ఒకరి కాలు జారితే వరుస అంతా జారుతుంది. చీరె, లుంగీ, చున్నీ తడిసి కాళ్లకు చుట్టుకొంటే ఈత వచ్చినవారికి కూడా లేవడము కష్టము. త్రాగి దిగినవారి గురించి వేరుగా చెప్పనక్కరలేదు.

"అయితే ఆర్.కె. బీచ్‌లో ఆ చోటు ఎక్కడున్నదో చెప్పండి, అక్కడ దిగము" అని అడుగుతారు. చెప్పలేము. 2025 జనవరిలో కుటుంబముతో వెళ్లినప్పుడు అదే లైఫ్‌గార్డు కనబడితే మేమూ అదే అడిగాము. అతడు నవ్వి, "అది ఓ కాడ ఉంటాదేటండి? ఇసక కదిల్తే అదీ కదులుద్ది" అన్నాడు. ఈ తీరమున ఇసుక స్థిరముగా ఉండదు. సంవత్సరములో ఎక్కువ కాలము కెరటముల వాలున ఇసుక దక్షిణమునుండి ఉత్తరమునకు నడుస్తూ ఉంటుంది. డాల్ఫిన్స్ నోస్ దగ్గర ఓడరేవు 1933లో ప్రారంభమైనది. రేవు ద్వారమునకు కెరటముల నుండి, ఇసుక నుండి కాపుదలగా ఆ కాలమున పాత ఓడలు రెండింటిని ముంచి అడ్డము పెట్టారట. ఇప్పుడు ఉన్న పెద్ద రాతి కట్టలు 1970లలో వెలుపలి హార్బరుతో వచ్చినవి. రేవుకు అవి అవసరమే. కాని నడిచి వచ్చే ఇసుక వాటి దగ్గర ఆగిపోతే ఉత్తరముననున్న ఈ బీచ్‌కు కొరత వస్తుంది. అందుకని రేవువారు త్రవ్వి తీసిన ఇసుకను తెచ్చి బీచ్ మీద పోయిస్తారు. ఒక ఏడు విశాలముగా చూచిన ఇసుక మరుసటి ఏడు గోడ దగ్గరికి కోసుకొనిపోయి ఉండుట మేమే చూశాము.

కాబట్టి ఉత్తరములు వ్రాసిన సేవకులకు మా జవాబు ఇది. ఎక్కడ దించవలెనో మా పత్రిక చెప్పలేదు, ఆ దినమున అక్కడ ఉన్న లైఫ్‌గార్డు చెప్పగలడు. బస్సు దిగగానే మొదట అతనిని వెదకండి. అతడు లేని వేళ, లేని చోట పాదములు తడుపుకొని రండి, చాలును. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎత్తయిన కెరటములు రాగలవని ముందుగా హెచ్చరికలు ఇస్తుంది, అవి పత్రికలలోనూ వస్తాయి. బయలుదేరే ముందు చూచుకోండి. దిగక ముందు పది నిమిషములు ఊరక నిలబడి నీటిని చూడండి. నురుగు ఎక్కడ ఒడ్డుకు వస్తున్నది, ఎక్కడ లోపలికి పోతున్నది? ఆ పది నిమిషములు మేము నిలబడలేదు. సూర్యోదయము చూడాలి, స్నానము చేయాలి, ఎనిమిదికి టిఫిను, తొమ్మిదికి మరియొక చోటు, అని కాగితము మీద వ్రాసికొన్న కార్యక్రమము మమ్మును తరుముతున్నది. సంఘ విహారయాత్రలు నడిపే మన సేవకులందరికీ ఈ జబ్బు ఉన్నదని అనుకొంటున్నాము.

ఇక చూడదగినవాటి సంగతి. నీటిలో దిగకపోయినా ఆ తీరమున ఒక దినము చాలదు.

అన్నింటికంటె ముందు జలాంతర్గామి. ఐ.ఎన్.ఎస్. కుర్సురా అని పేరు. సోవియట్ రష్యాలో తయారై 1969 డిసెంబరు 18న మన నౌకాదళములో చేరింది. 1971 యుద్ధములో పనిచేసింది. 31 సంవత్సరములు సేవచేసి 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి పొందింది. దానిని సముద్రములో నుండి ఇసుక మీదికి లాగి, నిలబెట్టి, 2002 ఆగస్టు నెలలో ప్రజలు చూచుటకు తెరిచారు. పొడవు సుమారు 91 మీటర్లు. మన గుడికి మూడు నాలుగింతలు ఉంటుంది. లోపల మాత్రము ఇద్దరు ఎదురైతే ఒకరు ప్రక్కకు ఒరగవలసినంత ఇరుకు. గుండ్రని ద్వారములగుండా వంగి, కాలెత్తి దాటవలెను. డెబ్బది మందికి పైగా మనుష్యులు ఆ గొట్టములో దినములు, వారములు గడిపేవారట. ఒకరిమీద ఒకరుగా బల్లలవంటి పడకలు, బొమ్మరిల్లంత వంటగది, ఎటు చూచినా చక్రములు, గొట్టములు, గడియారములవంటి యంత్రములు. నౌకాదళములో పనిచేసి విరమించినవారే లోపల నిలబడి వివరిస్తారు, అడిగినదానికి ఓపికగా చెప్తారు. సోమవారము సెలవు. వేళలు మారుతూ ఉంటాయి గనుక ముందు తెలిసికొని వెళ్లండి. మోకాళ్ల నొప్పులున్నవారు బయటనుండి చూచుట మంచిది. మా ముసలమ్మలిద్దరూ వినకుండా లోపలికి వచ్చి నడుమలో ఆగిపోతే, వెనుక వరుస అంతా ఆగిపోయింది.

రోడ్డుకు అవతలి ప్రక్కన టి.యు. 142 అనే విమానము ఉన్నది. సముద్రము మీద చాలా దూరము తిరుగుతూ జలాంతర్గాములను కనిపెట్టే విమానము. 29 సంవత్సరములు ఎగిరి 2017 మార్చిలో విరమించింది, అదే సంవత్సరము డిసెంబరులో ప్రదర్శనశాలగా ప్రారంభమైనది. రెక్కల కొననుండి కొనకు 50 మీటర్లు. నాలుగు ఇంజనులు, ఒక్కొక్కదానికి ఎదురెదురుగా తిరిగే రెండేసి పంకాలు. దాగే ఓడ ఇటు, దానిని వెదకే విమానము అటు, నడుమ రోడ్డు! మా పిల్లలకు ఇది ఎంతో నచ్చింది. మరుసటి ఆదివారము సండే స్కూలులో పలకలమీద గీసినవన్నీ విమానములే.

ఆ దగ్గరలోనే 1971 యుద్ధములో విజయమునకు గుర్తుగా 1996లో కట్టిన స్మారకము ఉన్నది. ఆ యుద్ధములో, డిసెంబరు 3వ తేదీ రాత్రి తెల్లవారక ముందే, పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ఈ రేవుకు వెలుపల మునిగిపోయింది. అందులోనివారు ఒక్కరూ బ్రతుకలేదు. ఎట్లు మునిగినదో ఆ దేశము ఒక విధముగా, మన దేశము ఒక విధముగా చెప్తాయి. కుర్సురా లోపలి ఆ ఇరుకును చూచి వచ్చి, ఇక్కడ నిలబడితే ఆ రాత్రి తలపునకు వస్తుంది. వారికీ తల్లులు ఉన్నారు గదా అని అమ్మగారు అన్నది.

విశాఖ మ్యూజియము పాత డచ్చివారి బంగళాలో ఉన్నది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణము మీద బాంబులు వేశాయి. అదే దినమున మా కాకినాడ మీద కూడా వేశాయి. ఆనాడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి అక్కడ ఉంచారు. కాకినాడ వైపు కుటుంబములవారికి తాతల కాలపు ఈ భయము కథగా తెలిసియుండును గనుక పిల్లలకు చూపించండి. చేపల ప్రదర్శనశాల మత్స్యదర్శిని చిన్నదే గాని చిన్నపిల్లలు వదలిరారు. కైలాసగిరికి రోప్‌వే ఉన్నది. సాయంకాలము ఎక్కితే తీరమంతా వంపు తిరిగి కనబడుతుంది. మేము ఆ దినము ఎక్కలేకపోయాము.

సాయంకాలము ఇసుక అంతా తిరునాళ్లే. కాల్చిన మొక్కజొన్న పొత్తులు, మిరపకాయ బజ్జీలు, ఉల్లిపాయ నిమ్మరసము వేసి కలిపే మరమరాల మిక్చరు, గుర్రపు స్వారీ, బుడగలు. ధరలు ముందు అడిగి మరీ కొనండి. సముద్రము వైపు వీపు పెట్టి ఫోనులో ఫోటోలు తీసికొనే జనము లెక్కకు మించి ఉన్నారు. రాళ్లమీద నిలబడి తీసికొనేవారిని చూస్తే మాకు కడుపులో దడ. లైఫ్‌గార్డులు విజిల్ వేసి పిలిస్తే కోపపడేవారు కూడా ఉన్నారు. ఆ విజిల్ విలువ మాకు తెలిసిన దినము గనుక మా యౌవనస్థులే వెళ్లి ఇద్దరు ముగ్గురిని క్రిందికి దింపారు.

రాత్రి ఏడు గంటలకు బస్సులో తలలు లెక్కించాము. నలభై ఎనిమిది. మరల లెక్కించాము. డ్రైవరు, "ఇంకెన్నిసార్లండి?" అన్నాడు.

ఊరు చేరిన తరువాత కుర్రవాని ఇంటికి వెళ్లాము. ఫోనులో సంగతి అప్పటికే తెలిసిపోయింది. మాతో వచ్చిన సంఘపెద్ద, "దేవుడు కాపాడాడమ్మా" అన్నాడు. ఆ తల్లి మంచినీళ్లు ఇచ్చి, కుర్చీలు వేసి, నిలబడే మాట్లాడింది: "దేవుడు కాపాడాడండి, కాదన్ను. కానండి అయ్యగారూ, పిల్లోడ్ని అక్కడ దింపింది మీరే కదండి?" అవును అన్నాము. వేరే ఏమి అనగలము? నీటిని చూచి తెలిసికొనక, మా తెలివిని నమ్ముకొని, నలభై మంది పిల్లలను దింపాము అని ఆ ఆదివారము ఆరాధన అయిన తరువాత సంఘము ఎదుట కూడా చెప్పాము. కొందరు పెద్దలకు అది నచ్చలేదు. సేవకుడు అట్లు చెప్పకూడదన్నారు. కాని తరువాత మరి రెండు ఊళ్లనుండి యాత్రలు బయలుదేరినప్పుడు మమ్మును పిలిచి ఆ గండి సంగతి చెప్పించుకొన్నారు.

రానున్న మే నెలలో మరల బయలుదేరుచున్నాము. ఈసారి మొదట జలాంతర్గామి, విమానము. నీటికి ఒక్క అరగంట మాత్రమే, లైఫ్‌గార్డు చూపించిన చోట, మోకాళ్ల లోతు వరకే. ఇద్దరు పెద్దవారు పొడి బట్టలతో ఒడ్డుననే ఉండి తలలు లెక్కించుట తప్ప వేరొక పని చేయరు. ఆ ఇద్దరిలో ఒకడు ఆ కుర్రవాడే. అతనంతట అతడే పేరు ఇచ్చాడు. లారీ ట్యూబులు రెండు గాలి పట్టించి, తాడు కట్టి సిద్ధముగా ఉంచాడు. అతని చెల్లెలు కూడా వస్తానని పట్టుపట్టి కూర్చున్నది. తల్లి ఇంకా సరే అనలేదు. మేము ఆమెను అడుగలేదు.